ఇంటి చదువు: వెలితి పడేది ఎక్కడ?

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నామంటే చుట్టాలు పెదవి విరుస్తారు. చదివించేవాళ్లు మా పిల్లలకేం తక్కువంటారు. అపోహలు రెండువైపులా ఉన్నాయి.

అపోహ: బడి మాన్పిస్తే జైలుకే.

వాస్తవం: విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యతని 10వ సెక్షన్ చెబుతోంది. చేర్పించకపోతే వాళ్లకు శిక్ష ఏమిటో మాత్రం చట్టంలో లేదు. ఇంటి చదువు ఊసూ లేదు. కాబట్టి చదువు ఎలా సాగుతోందని వచ్చి అడిగేవాళ్లుండరు, ఆ తనిఖీ అమ్మానాన్నలే చేసుకోవాలి.

అపోహ: పుస్తకం అయిపోతే చదువు పూర్తయినట్టే.

వాస్తవం: నోట్సులో భిన్నాలన్నీ చకచకా చేసే పిల్లాణ్ని కూరగాయల బండి దగ్గర నిలబెట్టి, కిలో ఎనభై అయితే ముప్పావు కిలో ఎంతని అడగండి. తెల్లమొహం వేస్తే ఆ పాఠం ఇంకా మిగిలే ఉంది. ఏ తరగతి పిల్లలకు ఏమేం వచ్చి ఉండాలో ఎన్‌సీఈఆర్‌టీ 2017లో ‘అభ్యసన ఫలితాలు’ పేరుతో ప్రకటించింది. మూడు నెలలకోసారి ఆ జాబితా ముందు పెట్టుకుని చూసుకోవాలి.

అపోహ: అమ్మానాన్నలు చదువుకున్నవాళ్లయితే చాలు.

వాస్తవం: అసలు వెలితి పడేది ఇక్కడే. పెద్దలకు ఇష్టమైన సబ్జెక్టు పరుగులు తీస్తుంది, రానిది రేపటికి వాయిదా పడుతుంది. నాన్న ఇంజినీరైన ఇంట్లో లెక్కల నోట్సులు నిండుతాయి, తెలుగు డిక్టేషన్ పుస్తకం దసరా దగ్గరే ఆగిపోతుంది. ఇంగ్లిష్ నవలలు గడగడా చదివే పిల్ల బస్సు బోర్డు మీద ‘ఇబ్రహీంపట్నం’ కూడబలుక్కుంటుంది. తమకు రానిదాన్ని వచ్చినవాళ్లకు అప్పగించడంలో నామోషీ లేదు.

అపోహ: సర్టిఫికెట్ ఉండదు, పైచదువులకు దారి ఉండదు.

వాస్తవం: 14 ఏళ్లు నిండితే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్‌ఐఓఎస్) ద్వారా పదో తరగతి పరీక్షలు రాయవచ్చు. ఏపీ, తెలంగాణలకు సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలున్నాయి. ఇక్కడ చూసుకోవాల్సింది సబ్జెక్టుల ఎంపిక. సులువుగా పాసవుతాడని గణితం వదిలేయిస్తే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌కు అర్హతే పోతుంది, ఎందుకంటే దానికి పదిలో గణితం ఉండి తీరాలి. పిల్లవాడు ఎటు వెళ్లాలనుకుంటున్నాడో అడిగాకే ఫారం నింపండి.

అపోహ: ఒకసారి మాన్పిస్తే మళ్లీ బడిలో చేర్చుకోరు.

వాస్తవం: బడి ముఖం చూడని పిల్లలనైనా వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని అదే చట్టంలోని 4వ సెక్షన్ చెబుతోంది. ప్రవేశ పరీక్ష పెట్టడానికి వీల్లేదని 13వ సెక్షన్ అంటోంది. రెండు మూడు తనిఖీల్లో అదే వెలితి కనబడుతూ, పూడ్చే మనిషీ దొరక్కపోతే పంతానికి పోకండి. దగ్గర్లోని బడికి వెళ్లి హెడ్మాస్టరుతో మాట్లాడండి.