మల్లెకు నీరు: ఏ కాలంలో ఎంత?



ఈ దినం మల్లెతోటకు నీరు పెట్టే పద్ధతి గురించి చెప్పుకుందాం. నీరు పెట్టడంలో చెప్పేదేముంది, మోటరు వేస్తే పారుతుంది గదా అని మీరనవచ్చు. వరికైతే ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. మల్లెకు చెల్లదు. వరి నిలిచిన నీటిలో పెరుగుతుంది. మల్లె నిలిచిన నీటిలో కుళ్లుతుంది. నీరు చాలక వాడిన మల్లె ఒక తడి ఇస్తే తిరిగి లేస్తుంది. నీరెక్కువై వేరు కుళ్లిన మల్లె మాత్రం తిరిగి లేవడం బహు కష్టం. మూడు నాలుగేండ్లు పెంచిన పొద ఒక్క వానకాలంలో చేయి దాటిపోతుంది.

దీనికి కారణం ఏమిటి? మల్లెకు నీరూ ఆహారమూ పీల్చే సన్నని వేళ్లు ఎక్కువగా పైమట్టిలోనే ఉంటాయి. వేరుకు నీరెంత అవసరమో గాలి కూడా అంతే అవసరం. మట్టిలోని సందులన్నీ నీటితో నిండితే గాలికి చోటుండదు. గాలాడని వేరు నీరు పీల్చలేదు. అందువల్ల కాళ్లకింద నీరుండి కూడా చెట్టు దప్పిగొన్నట్టు వాడిపోతుంది. మనం ఆ ఆకు చూసి, పాపం ఎండుతున్నదని ఇంకో రెండు బిందెలు పోస్తాం. దానితో పని పూర్తయిపోతుంది. కాబట్టి ఆకును చూసి నీరు పెట్టకండి, మట్టిని చూసి పెట్టండి.

మట్టిని చూడడం ఎట్లా? మొదలుకు జానెడు దూరంలో చిన్న గుంత తీయండి. నాలుగు వేళ్ల లోతున మట్టి పిడికెడు తీసి నొక్కండి. ఉండ కట్టి, విరవకుండా నిలిస్తే ఇంకా తేమ ఉన్నది, నీరు వద్దు. ఉండ కట్టి, వేలు తగలగానే విరిగితే రేపో ఎల్లుండో పెట్టవచ్చు. ఉండ కట్టకుండా పొడిగా రాలిపోతే ఆ దినమే పెట్టాలి. నల్లరేగడి ఎండుతున్నా కొంత ఉండ కడుతుంది గనుక అక్కడ ఇంకొంచెం లోతున చూడండి.

మన జిల్లాలో నేలలు ఒక్క తీరుగా లేవు. కామారెడ్డి వైపు ఎర్రచెల్కలు, దుబ్బనేలలు ఎక్కువ. సాగు బోర్లమీద, చెరువులమీద నడుస్తుంది. చెల్కలో నీరు త్వరగా ఇంకుతుంది, త్వరగా ఆరుతుంది. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట వైపు 1922లో పూర్తయిన పోచారం జలాశయం కాలువల కింద వరి సాగవుతుంది. వరిమడి పక్కన మల్లె వేస్తే ఒక చిక్కున్నది. మీరు ఒక్క చెంబు పోయకున్నా మడి నుంచి ఊట వచ్చి వేళ్లను చేరుతుంది. అటువంటి చోట మడికీ తోటకూ నడుమ ఒకటిన్నర అడుగు లోతు కాలువ తీసి, పల్లానికి దారి చూపాలి. మొక్కలను ఎత్తైన కట్టలమీద నాటాలి.

ఇక కాలాల వారీగా చూద్దాం.

వానకాలం: మృగశిర కార్తె మొదలు హస్త దాకా మన పని నీరు పెట్టడం కాదు, నీరు తీయడం. పాదు గట్టును పల్లం వైపు తెంపి ఉంచండి. మొదలు చుట్టూ మట్టి ఎగదోసి, వాన నీరు కాండానికి దూరంగా జారేట్టు చేయండి. వాన వెలిసిన మరునాడు తోట ఒకసారి తిరిగి చూడండి. ఎక్కడ నీరు నిలిచిందో అక్కడే రేపు తెగులు పుడుతుంది. వాన మొహం చాటేస్తే పిడికిలి పరీక్ష చేసి, చెల్కలో ఒక తడి ఇవ్వండి.

చలికాలం: పూలు కావాలనుకునే రైతుకు ఇదే ముఖ్యమైన కాలం. దీపావళి దాటిన తరువాత తడికీ తడికీ ఎడం పెంచుతూ పోవాలి. డిసెంబరులో పూర్తిగా ఆపివేయాలి. రేగడిలో తేమ చాలాకాలం నిలుస్తుంది గనుక కొన్ని దినాలు ముందుగానే ఆపాలి. నీరు ఆపితే చెట్టు కొత్త కొమ్మ వేయడం మాని విశ్రాంతి తీసుకుంటుంది, ఆకు కొంత రాలుస్తుంది. మధ్యాహ్నం వాలిన ఆకు సాయంత్రానికి లేస్తే భయం లేదు. మరునాడు పొద్దున కూడా లేవకుంటే, మట్టి పొడిగా ఉన్నదని చూసుకొని పలుచని తడి ఒకటి ఇవ్వండి. నాటి ఏడాది కూడా నిండని లేత మొక్కలకు ఈ ఎండగట్టడం పనికిరాదు.

సంక్రాంతి దాటిన తరువాత, జనవరి రెండవ పక్షంలో, మిగిలిన ఆకు దూసి, భూమి నుంచి ఒకటిన్నర అడుగు ఎత్తున కొమ్మలు కత్తిరించండి. ఎండిన కొమ్మ, తెగులు కొమ్మ తీసివేయండి. వేళ్లు తెగకుండా పైపైన తవ్వి, చెట్టుకు పది కిలోల చివికిన పెంట ఎరువు వేసి, అప్పుడు నిండుగా మొదటి తడి ఇవ్వండి. మల్లె మొగ్గ కొత్త చిగురు కొసన వస్తుంది. విశ్రాంతి దొరికిన చెట్టు ఒక్కసారిగా చిగురు వేస్తుంది, పూత కూడా గుంపుగా వస్తుంది. ఏడాది పొడుగునా తడిపిన చెట్టు ఆకుతో నిండుగా ఉంటుందే తప్ప పూత పలుచనవుతుంది. మైలవరం, మధురై మల్లెకు పేరుపడ్డ చోట్లు. అయితే ఆ ఊళ్ల తేదీలను మన ఊళ్లకు అప్పగించకండి. మన దగ్గర చలి ఎక్కువ, కొన్ని రాత్రులు పది డిగ్రీల దిగువకు పోతుంది.

ఎండకాలం: ఫిబ్రవరి చివర, మార్చి మొదట మొగ్గ కనబడుతుంది. అక్కడినుంచి నీరు తప్పరాదు. తప్పితే మొగ్గ చిన్నదవుతుంది, రాలిపోతుంది. నలభై రెండు డిగ్రీలు దాటే దినాల్లో చెల్కలో మూడు నాలుగు దినాలకొకసారి, రేగడిలో వారానికొకసారి తడి అవసరం కావచ్చు; పిడికిలి పరీక్ష మాత్రం మానకండి. మూడడుగుల అడ్డం ఉన్న పాదులో అంగుళం నీరు నిలవాలంటే పదహారు, పదిహేడు లీటర్లు పడుతుంది, అంటే సుమారు ఒక పెద్ద బిందె. చెంబెడు చల్లితే పైమట్టి తడుస్తుంది గాని వేరుకు అందదు. పొద్దుననో, పొద్దు వాలినాకనో పెట్టండి. పాదులో వరిగడ్డి గాని, ఎండాకు గాని నాలుగంగుళాల మందం పరవండి; తేమ ఆరకుండా కాపాడుతుంది. వానలు మొదలు కాగానే దాన్ని మొదలుకు తగలకుండా తీసివేయండి. ఆటో స్టార్టరు పెట్టి రాత్రంతా మోటరు నడిపే అలవాటు మల్లెకు పనికిరాదు, బోరుకూ మంచిది కాదు.

చివరగా ఆకు పసుపు సంగతి. లేత ఆకులు పసుపై, ఈనెలు పచ్చగా నిలిస్తే అది ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నేలలోనూ, నీరు నిలిచే నేలలోనూ వస్తుంది. లీటరు నీటికి అయిదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి వారం ఎడంగా రెండు మూడు సార్లు పిచికారీ చేయండి. తడి నేలలో చెట్టు చెట్టంతా వాడిపోతే వేరుకుళ్లు అని అనుమానించండి. వెంటనే నీరు ఆపి, కాలువ తీసి, లీటరుకు మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదలు తడిసేట్టు పోయండి. పక్కనున్న మంచి చెట్లకూ పోయండి. పూర్తిగా చచ్చినదాన్ని వేళ్లతో సహా తీసి కాల్చివేయండి.

విస్తరణ పనిలో ఉన్న మిత్రులకు ఒక మాట. రైతు ఎండిన కొమ్మ తెచ్చి చూపితే మందు పేరు రాసి పంపకండి. తోటకు పోయి మట్టి పిడికెడు తీయించండి. అనుమానం ఉన్న రైతులు రైతువేదికకు కొమ్మ ఒక్కటే గాక, ఆ చెట్టు మొదటి మట్టిని కూడా తేవండి. రోగం చాలాసార్లు ఆ మట్టిలోనే కనబడుతుంది. సెలవు.