సుంకాల పట్టికలో మగ్గానికి చోటేది?

విదేశీ రేవులో దిగిన నూలుబట్ట మీద ఎంత సుంకం పడాలో తేల్చడానికి అక్కడి అధికారికి కొద్దిపాటి వివరాలు చాలు. పత్తి ఎంత శాతం, చదరపు మీటరు ఎన్ని గ్రాములు తూగుతుంది, నేత ఏ రకం, రంగు నూలుకే పట్టించారా, నేశాక వేశారా. పత్తి 85 శాతానికి తగ్గకుండా, బరువు 200 గ్రాములు మించకుండా ఉంటే 5208 అనే పద్దు; బరువు అంతకు మించితే 5209. ప్రపంచ కస్టమ్స్ సంస్థ బ్రస్సెల్స్ నుంచి నడిపే ఈ పట్టిక 1988లో అమల్లోకి వచ్చింది. మొదటి ఆరంకెలు అన్ని దేశాలకూ ఒకటే. తర్వాతివి ఏ దేశానికి ఆ దేశం చేర్చుకుంటుంది. పోచంపల్లిలో గుంట మగ్గం మీద రోజుల తరబడి నేసిన బట్టా, అదే బరువులో మిల్లు నుంచి దిగిన రంగునూలు గళ్ల బట్టా ఆ ఆరంకెల దగ్గర ఒకే గాటన పడతాయి. ఇది మారాలి. చేతినేతకు అక్కడే విడిగా చోటివ్వాలి. అది చేతినేతే అన్న రుజువు రేవులో కాక మగ్గం దగ్గరే తేలాలి.

ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. 1974 నాటి బహుళ నారల ఒప్పందం కింద సంపన్న దేశాలు మన బట్టలకు కోటాలు పెట్టాయి. ఏడాదికి ఇంతే దిగుమతి, ఆపైన ససేమిరా. అదే ఒప్పందం 12వ అధికరణం వర్ధమాన దేశాల కుటీర పరిశ్రమ చేనేతనూ, ఆ బట్టతో చేత్తో తయారైన వస్తువులనూ, సంప్రదాయ జానపద వస్త్రాలనూ కోటాల నుంచి తప్పించింది. ఒకటే షరతు: రెండు దేశాలూ ఒప్పుకున్న పద్ధతిలో ధ్రువీకరణ ఉండాలి. ఐరోపా సమాజం ఇంకో రకం కోటా పెట్టింది. ఏటా ఫలానా విలువ దాకా చేనేత పట్టు, నూలు బట్టలను సుంకం లేకుండా రానిచ్చి, ఆ మేర నిండాక మామూలు సుంకం వేసేది. అందుకు ధ్రువపత్రంతో పాటు బట్ట తాను మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి అధికారిక ముద్ర ఉండాలి. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ ముద్రే. బట్ట ఓడెక్కకముందే, నేసినచోటే దాని పుట్టుక తేలిపోయేది.

2005 జనవరి 1న వస్త్రాల కోటాలు ముగిశాయి. మనకు మేలే జరిగింది, వాటిని తిరిగి తెమ్మని ఎవరూ అడగనక్కర్లేదు. అయితే కోటాతో పాటు దాని మినహాయింపుకూ పనిలేకుండా పోయింది, సుంకాలు మాత్రం నిలిచాయి. మరి వేరే చోటు దేనికి అంటారా? అమెరికా పట్టికే చూడండి. చదరపు మీటరుకు 100 గ్రాములు మించని సాదా నేత రంగు నూలుబట్టకు నూలు కౌంటును బట్టి సుమారు 8 నుంచి 12 శాతం దాకా సుంకం. అదే ధ్రువీకరించిన చేనేత అయితే 3 శాతం. ఈమధ్య పైన వేసిన అదనపు సుంకాలను పక్కనపెడితే ఇవీ సాధారణ రేట్లు. అక్కడ విడి వరుస ఉంది కాబట్టే రాయితీ ఉంది. అన్ని దేశాలకూ ఉమ్మడి అయిన ఆరంకెల్లో ఆ వరుస లేకపోతే రాయితీ అడగడానికే కాదు, ప్రపంచంలో చేనేత ఎంత అమ్ముడవుతోందో లెక్కగట్టడానికీ ఆధారం ఉండదు. 2019–20 నాటి నాలుగో చేనేత గణన మన దేశంలో 35.22 లక్షల మంది ఈ పనిలో ఉన్నారని చెప్పింది. ఇంతమంది చేతిపని అంతర్జాతీయ లెక్కల్లో మిల్లు బట్టలో కలిసిపోవడం అన్యాయం.

చూసి గుర్తుపట్టడం కష్టమన్న అభ్యంతరం బలమైనదే. బట్ట లోపలికి ముడుచుకోకుండా నేతగాడు సూదిమొనల కర్రను అడ్డంగా బిగిస్తాడు. దానివల్ల రెండంచుల్లోనూ సన్నటి రంధ్రాలు పడతాయి; చేనేతకు గుర్తుగా వాటిని చెబుతారు. కానీ మరమగ్గం బట్టకూ రంధ్రాలుండొచ్చు. ఒక్క గుర్తుతో అధికారి తేల్చలేడు. అతను తేల్చనక్కర్లేదు కూడా, ధ్రువీకరణ ఉన్నది అందుకే. పైగా ఇదే పట్టిక కిలీం వంటి చేనేత తివాచీలకు 5702.10ని, గోబెలాన్, ఆబుసాన్ తరహా చేనేత చిత్రవస్త్రాలకు 5805ని ఏనాడో కేటాయించింది. గోడకు వేలాడే బట్టలో చేతిపనిని గుర్తించిన పట్టిక ఒంటిమీది బట్టలో గుర్తించలేదంటే నేను ఒప్పుకోను. మరమగ్గం సరుకు చేనేత పేరుతో చొరబడుతుందన్న భయమూ నిజమే, అది ఇప్పుడూ జరుగుతోంది. 2006లో మొదలైన చేనేత ముద్రను ఎగుమతి పత్రానికి ముడిపెడితే ఆ మోసం పట్టుబడే అవకాశం పెరుగుతుంది.

ఇక నిర్వచనం. ఇక్కడ జాగ్రత్త కావాలి. చేతితోగానీ కాలితోగానీ నడిచే కుట్టుమిషన్ మీద కుట్టిన దుస్తులకే ఐరోపా సమాజం చేతితో చేసిన వస్తువులకు పెట్టిన ఇలాంటి మరో సుంకం లేని కోటాను వర్తింపజేసింది. కరెంటు మిషన్ మీద కుడితే చేనేత చొక్కా చేనేత కాకుండా పోతుందా? పోచంపల్లి చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ పోసి అమర్చడానికి, ఆడవాళ్లు రోజుకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించేవారు, భుజాలు పడిపోయేవి. తల్లి బాధ చూసి చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టారు; 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం వాడిన చీరను చేనేత కాదనే నిర్వచనం వచ్చిందంటే అది నేతవాళ్లకు శత్రువే. గీత గీయాల్సింది ఒక్కచోట: పడుగులో పేక పడేటప్పుడు మగ్గాన్ని నడిపేది మనిషి చేతులూ కాళ్లేనా అన్నదాని దగ్గర. ముందు పనికీ వెనక పనికీ యంత్రం వచ్చినా ఫర్వాలేదు. ఈ పట్టికను దాదాపు ఐదేళ్లకోసారి సవరిస్తారు. 2028లో అమలయ్యే కూర్పు ఇప్పటికే ఖరారైంది కాబట్టి, ఆ తర్వాతి కూర్పులోనైనా చేనేతకు వరుస దక్కాలంటే మన దేశం ఇప్పుడే ప్రతిపాదన పెట్టి, తోటి నేత దేశాలను కూడగట్టుకోవాలి.