మాఘ ఫాల్గుణాల పెరడు: వై.ఎన్.హొసకోటలో కూరగాయలూ, వాటి పేర్లూ

తెలుగు పంచాంగంలో వసంతం అంటే చైత్ర వైశాఖాలు. శీతల దేశాల తోటపని పుస్తకాల్లో వసంతం అంటే రాత్రిపూట మంచు ఇంకా పడుతూ ఉండే మార్చి, ఏప్రిల్ నెలలు. ఈ రెండింటికీ ఒకే మాట వాడటం వల్ల ఆ పుస్తకాలు చదివే మన విద్యార్థులు కొంత తికమకపడుతుంటారు. చైత్రం వచ్చేసరికి రాయలసీమలోనూ, దాన్ని ఆనుకొని ఉన్న కర్ణాటక సీమలోనూ ఎండలు ముదురుతాయి. చలి తగ్గుతూ, విత్తుకు అదను కుదురుతూ ఉండే కాలం మనకూ ఉంది. కాని అది పంచాంగంలో వసంతం కిందికి రాదు. అది శిశిరం, అంటే మాఘ ఫాల్గుణాలు. ఆ కాలంలో ఒక చిన్న పెరట్లో ఏవి పండుతాయి, ఎందువల్ల పండుతాయి, వాటిని ఏమని పిలుస్తారు అన్న మూడు ప్రశ్నలను వై.ఎన్.హొసకోట ఆధారంగా ఈ వ్యాసంలో పరిశీలించదలచుకొన్నాం.

1. ఊరు, నేల, నీరు

వై.ఎన్.హొసకోట కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో ఉంది. పట్టుచీరల నేతకు పేరుపడిన ఊరు. పావగడ తాలూకాకు ఎక్కువ వైపుల ఆంధ్రప్రదేశే సరిహద్దు. ఒకప్పటి ఉమ్మడి అనంతపురం జిల్లా పల్లెలు దాన్ని చుట్టుకొని ఉంటాయి. అందుచేత ఇక్కడ చాలా ఇళ్లలో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం చదువుతారు. ఊరి పేరే ఇందుకు మంచి ఉదాహరణ. 'హొస' అంటే కన్నడంలో కొత్త. కన్నడిగులు 'హొసకోటె' అంటారు, తెలుగువారు చివరి ఎకారాన్ని అకారం చేసి 'హొసకోట' అంటారు.

ఈ తాలూకా వానకు కరువు ప్రాంతం. ఏడాదికి కురిసేది సుమారు 500 నుంచి 600 మిల్లీమీటర్లు, అదీ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఎక్కువ. ఎండకు మాత్రం కొదవ లేదు. ఈ తాలూకాలోనే సుమారు 13,000 ఎకరాల్లో నెలకొల్పిన సౌర విద్యుత్ కేంద్రం సామర్థ్యం 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరింది. బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదని భారతీయ ప్రమాణం. ఆ పరిమితి దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపట్టడం, ఎముకలు బిగుసుకుపోవడం జరుగుతుంది. దీనికి అసలు విరుగుడు మంచి నీరే. అయితే సున్నం (కాల్షియం), సి విటమిన్ సమృద్ధిగా ఉన్న తిండి ఆ హానిని కొంత తగ్గిస్తుందని వైద్యులు చెబుతారు. ఆకుకూరలు, మునగాకు, నిమ్మ, జామ అలాంటి తిండే. కాబట్టి ఇక్కడ పెరడు కేవలం కాలక్షేపం కాదు. 'పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు' అని తెలుగులోను, 'హిత్తల గిడ మద్దల్ల' అని కన్నడంలోను ఉన్న ఒకే సామెతను ఈ ఊళ్లో కాస్త ఆలోచించి వాడవలసి ఉంటుంది.

2. చలి చేసే పని

డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. ఏప్రిల్‌లో పగటి వేడి 38 డిగ్రీలదాకా పోతుంది. పెరటి సాగు అంతా ఈ రెండు కొసల మధ్య సర్దుకోవాలి. మొక్కలను ఈ దృష్టితో మూడు వర్గాలుగా విభజించవచ్చు.

మొదటి వర్గం చలిని కోరేవి: కొత్తిమీర, మెంతి, పాలకూర, ముల్లంగి. మెంతులు నాలుగైదు రోజుల్లో మొలుస్తాయి. ధనియాలను రెండు బద్దలయ్యేలా నలిపి చల్లాలి, అయినా పది రోజులు పడుతుంది. ఎండలు ముదిరితే కొత్తిమీర ఆకు వేయడం మాని పూతకు వస్తుంది. కాబట్టి సంక్రాంతి తరవాత ఆలస్యం చేయకుండా, పది రోజుల ఎడంతో కొంచెం కొంచెంగా చల్లుకోవాలి.

రెండో వర్గం నారు పోసేవి: టమోటా, వంకాయ, మిరప. వీటి విత్తనం చలిలో చావదు గాని బద్ధకిస్తుంది. 25 నుంచి 30 డిగ్రీల వేడిలో వారం రోజుల్లో మొలిచే టమోటా, 15 డిగ్రీల్లో రెండు వారాలైనా తీసుకొంటుంది. నారుమడిని ఎత్తుగా చేసి, చివికిన ఎరువు కలిపి, ఎండ తగిలే చోట పెట్టి, మొలకలు కనిపించేదాకా గడ్డి కప్పాలి. నీళ్లు పొద్దున పోయాలి. సాయంత్రం పోస్తే రాత్రంతా మడి చల్లగా, తడిగా ఉండి నారుకుళ్లు తెగులు వస్తుంది. టమోటా పిందె కట్టడానికి రాత్రులు 15 నుంచి 20 డిగ్రీలు ఉండటం మంచిది. పగలు 35 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది. మాఘంలో పూత పట్టిన మొక్క నిలిచి కాస్తుంది, చైత్రంలో పట్టినది నిలవదు.

మూడో వర్గం వేడిని కోరేవి: బెండ, సొర, బీర, కాకర, గుమ్మడి. నేల చల్లగా ఉన్నప్పుడు వేస్తే విత్తనం మొలవకముందే కుళ్లుతుంది. 'శివరాత్రికి చలి శివశివా అని పోతుంది' అన్న సామెత తెలుగులోనూ కన్నడంలోనూ ఉంది. పాదులు పెట్టడానికి ఆ గుర్తు చాలు. బెండ గింజలను రాత్రి నానబెట్టి పొద్దున వేయాలి. పాదు మధ్యలో ఒక మట్టికుండను మెడదాకా పాతి నీళ్లు నింపితే నీరు మెల్లగా ఊరుతుంది. పైన చెనిక్కాయ పొట్టు పరిస్తే తడి ఆరదు.

పండ్లలో జామకు ఈ చలి మేలు చేస్తుంది. చలికాలపు కాయే తీపి ఎక్కువ. బొప్పాయికి చలి గిట్టదు. కాయ ఆలస్యంగా పండుతుంది, తీపీ తగ్గుతుంది. దాని మొక్కలను చలి పోయాకే నాటాలి.

3. చిక్కుడూ, అనపా

ఈ కాలానికి అసలు పంట చిక్కుడు. రథసప్తమి నాడు చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టే ఆచారం మనకు తెలిసిందే. ఆ పండగ మాఘ శుద్ధ సప్తమి నాడు, అంటే జనవరి చివర నుంచి ఫిబ్రవరి మధ్యలోగా వస్తుంది. పందిరి నిండా చిక్కుళ్లు ఉండేది కూడా అప్పుడే. చిక్కుడు పగలు పొట్టిగా, రాత్రి పొడుగ్గా ఉంటేనే పూసే జాతి. జూన్‌లో వేసినా, ఆగస్టులో వేసినా నాటు చిక్కుడు పొద్దు తగ్గేదాకా తీగ సాగుతుందే తప్ప పూయదు.

కన్నడిగులు 'అవరె' అనేదీ, ఈ ప్రాంతపు తెలుగువారు 'అనప' అనేదీ చిక్కుడు జాతిలోనిదే. శాస్త్రజ్ఞులు రెంటినీ లాబ్‌లాబ్ పర్పూరియస్ అంటారు. చిక్కుడును తొక్కతో వండుతాం, అనపను గింజ కోసం ఒలుస్తాం. చలిలో, మంచులో కాసిన కాయకు ఒక జిడ్డు, ఒక ప్రత్యేకమైన వాసన ఉంటాయి. కన్నడంలో దాన్ని 'సొగడు' అంటారు. పచ్చి గింజలను నానబెట్టి, వేళ్లతో పితికి పైపొర తీస్తే వచ్చేది తెలుగులో 'పితికిన పప్పు', కన్నడంలో 'హితికిద బేళె'. ఈ కాలంలోనే చిక్కుడు కొసలకు పేనుబంక పడుతుంది. పొద్దున్నే ఆకు మంచుతో తడిగా ఉన్నప్పుడు పొయ్యి బూడిద చల్లడం పాత పద్ధతి.

4. పేర్ల సంగతి

పితుకు, హితుకు జంట ఒక ధ్వని సూత్రాన్ని చూపుతుంది. సుమారు 10వ శతాబ్దం నుంచి కన్నడంలో పదాది పకారం హకారంగా మారుతూ వచ్చింది. పాలు, పువ్వు, పండు అనే మన మాటలకు ఎదురుగా హాలు, హూవు, హణ్ణు ఉండటానికి అదే కారణం. కన్నడ 'హీరె' కూడా పూర్వం పకారంతో ఉన్న మాటే. తమిళంలో అది ఇప్పటికీ పకారంతోనే ఉంది, తెలుగులో 'బీర' అయింది. చివరి అచ్చు తేడా మరింత సులువు: బెండె, బెండ, సోరె, సొర, కోటె, కోట.

పోలికలు ఉన్నచోట పొరపాట్లూ ఉంటాయి. రాయలసీమలో 'అనపకాయ' పైన చెప్పిన గింజకాయ. గోదావరి జిల్లాల్లో 'ఆనపకాయ' అంటే సొరకాయ. ఒక్క దీర్ఘంతో కూరే మారిపోయింది. 'పరంగి' కన్నడంలో బొప్పాయి, తమిళంలో గుమ్మడి. 'బచ్చలి' మనకు తీగకూర, కన్నడంలో 'బచ్చలు' స్నానాల గది, ఆ కూరను వాళ్లు 'బసళె' అంటారు. బచ్చలి తీగ స్నానపు నీళ్లు పారే చోట బాగా పెరుగుతుంది కదా అని ఈ రెండు మాటలనూ కలిపి వ్యుత్పత్తి చెప్పడం సరికాదు. ధ్వని సామ్యం ఒక్కటే చుట్టరికానికి రుజువు కాదు.

ఇక్కడి పిల్లలకు ఈ మాటలు తెలుగు పాఠ్యపుస్తకంలో దొరకవు. చెనిక్కాయ, ఉర్లగడ్డ, ఎర్రగడ్డ, అనప వంటివి ప్రామాణిక భాషలోకి ఎక్కువగా రాలేదు, బడిలోనేమో వాటికి కన్నడ పేర్లే నేర్పుతారు. ఒక పంటను ఇంట్లో పండించడం, ఒలవడం, వండటం మానేస్తే ఆ పనికి సంబంధించిన మాటలన్నీ ఒక తరంలో పోతాయి. 'పితికిన పప్పు' కొనుక్కొనే ఇంట్లో 'పితకడం' అనే క్రియ ఎక్కువ కాలం నిలవదు.

5. దూరాన ఉన్న విద్యార్థులకు

శీతల దేశాల్లో చదువుతున్న మన విద్యార్థులు ఇంటినుంచి గింజలు తెప్పించుకోవడం మామూలే. ముందుగా ఆయా దేశాల విత్తన దిగుమతి నిబంధనలు తెలుసుకోవాలి. ఆ తరవాత పై మూడు వర్గాలే అక్కడా వర్తిస్తాయి. మెంతి, పాలకూర, ముల్లంగి వంటివి చివరి మంచుకు మూడు నాలుగు వారాల ముందే బయట చల్లవచ్చు. టమోటా నారు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు, మిరప నారు ఇంకా ముందు ఇంట్లో కిటికీ దగ్గర పోసుకోవాలి. నాటే ముందు వారం రోజులు పగటిపూట బయట పెట్టి గాలికీ ఎండకూ అలవాటు చేయాలి. బెండ, సొర, గోంగూర నేల 18 డిగ్రీలకు వేడెక్కాకే.

గోంగూరా, నాటు చిక్కుడూ అక్కడ ఒక చిక్కు తెస్తాయి. రెండూ పొట్టి పగళ్లకు పూసేవి. ఉత్తర దేశాల వేసవి పగళ్లు చాలా పొడుగు. గోంగూరకు ఇది మంచిదే, ఆకు విరివిగా వస్తుంది. గింజ మాత్రం ముదరకముందే మంచు పడుతుంది. నాటు చిక్కుడు పందిరినిండా అల్లుకొని, పూతకు వచ్చే వేళకు చలికి మాడిపోతుంది. అందులో విత్తనం తప్పూ లేదు, చేతి తప్పూ లేదు, అక్షాంశం తేడా అది. పగటి పొడవుతో నిమిత్తం లేకుండా పూసే పొట్టి చిక్కుడు రకాలు ఉన్నాయి, అవి తెప్పించుకోవడం మంచిది.

చివరగా ఒక సూచన. గింజల పొట్లం మీద కొట్లో చెప్పిన పేరుతోపాటు, మీ ఇంట్లో అమ్మమ్మో అవ్వో పలికే పేరును, పలికినట్లే, దీర్ఘాలతో సహా రాయండి. ఊరి పేరూ, గింజ సేకరించిన నెలా కూడా రాయండి. అనపా, ఆనపా తేడా అలాంటి చిన్న చీటీల వల్లనే నిలుస్తుంది. పదకోశం కూర్చేవారికీ, పాదు పెట్టేవారికీ అది సమానంగా పనికొస్తుంది.