తిన్నది ఒంటికి పట్టడం లేదా?

"ఏం చేస్తున్నావే, ఇంత నాజూగ్గా తయారయ్యావు! ఆ కిటుకేదో మాకూ చెప్పకూడదూ?"

పెళ్లిలోనో పేరంటంలోనో ఈ మాట వినపడితే ఎవరికైనా లోలోపల సంతోషమే. కానీ కిటుకేమీ లేదు. డైటింగ్ లేదు, పొద్దున్నే నడకా లేదు. పైగా మునుపటికంటే నాలుగు ముద్దలు ఎక్కువే తింటోంది. అయినా జాకెట్లు వదులైపోతున్నాయి, గాజులు చేతికి నిలవడం లేదు. అత్తగారు దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేస్తారు. అమ్మ ఫోన్ చేసి ఇంకాస్త నెయ్యి వేసుకోమంటుంది. డాక్టరు దగ్గరకు వెళ్దామన్న ఆలోచన మాత్రం చివరికెప్పుడో గానీ రాదు. సన్నబడటం కోసం జనం వేలకు వేలు పోస్తుంటే, ఊరికే సన్నబడితే బాధ దేనికి?

బాధ పడాల్సిందే. ప్రయత్నమేమీ చేయకుండా ఆరు నెలల నుంచి ఏడాది లోపల ఒంటి బరువులో నూటికి 5 వంతులు తగ్గితే కారణం వెతకాలంటారు వైద్యులు. అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే చాలన్నమాట. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ లేకపోతే జాకెట్టు కుట్లే సాక్ష్యం.

కారణాలు చాలానే ఉంటాయి. దాహం ఎక్కువై, రాత్రిళ్లు మాటిమాటికీ మూత్రానికి లేస్తుంటే ముందు షుగర్ చూపించుకోవాలి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం ఉంటే టి.బి. పరీక్ష చేయించుకోవాలి. దానికి ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్షా మందులూ ఉచితమే. పేగుల జబ్బులు, మనసులో దిగులు, కొన్ని రకాల క్యాన్సర్లు కూడా మనిషిని చిక్కిపోయేలా చేస్తాయి. అయితే ఆకలి బాగా ఉండి, కడుపు నిండా తింటూ కూడా చిక్కిపోతున్న ఆడవాళ్ల విషయంలో తప్పక అనుమానించాల్సింది థైరాయిడ్‌ని.

థైరాయిడ్ అంటే లావెక్కాలి కదండీ?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. ఎందుకంటే మనకు తెలిసినవాళ్లలో, పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకునేవాళ్లలో ఎక్కువమందికి ఉన్నది థైరాయిడ్ తక్కువగా పనిచేయడం. ఇది దానికి పూర్తిగా తలకిందులు. మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే ఈ గ్రంథి తూకం ఇరవై గ్రాములకు అటూ ఇటూ. ఒంట్లో ప్రతి కణమూ తిండిని ఎంత వేగంగా ఖర్చు చేయాలో ఈ గ్రంథి వదిలే హార్మోన్లే నిర్ణయిస్తాయి. అవి ఎక్కువైతే సిమ్‌లో ఉండాల్సిన స్టవ్‌ని పెద్ద మంట మీద వదిలేసినట్టే. తిన్నదంతా కరిగిపోతుంది. అదీ చాలక శరీరం తన కండని కూడా కరిగించుకుంటుంది. మెట్లెక్కుతుంటే, కింద కూర్చుని లేస్తుంటే తొడల్లో సత్తువ లేనట్టు ఉండేది అందుకే.

అందుకే పక్కింటావిడ 'థైరాయిడ్ మాత్ర' అడిగి తెచ్చుకుని వేసుకోవడం ప్రమాదం. అది మంటని ఇంకా పెంచుతుంది. ఆ మాత్రే డోసు ఎక్కువైనా ఇవే లక్షణాలొస్తాయి కాబట్టి, ఏళ్ల తరబడి పరీక్ష లేకుండా పాత చీటీతోనే మందులు కొనేవాళ్లు కూడా ఒకసారి చూపించుకోవాలి.

మిగతా లక్షణాలు విడివిడిగా చూస్తే ఏదీ జబ్బులా కనపడదు. అందరికీ చల్లగా ఉంటే ఈవిడకి చెమటలు. గుండె దడ. చేతివేళ్ల సన్నని వణుకు. రోజుకి మూడు నాలుగుసార్లు విరేచనం. నిద్ర పట్టదు, చిన్నదానికే కోపం, జుట్టు ఊడటం, నెలసరి తగ్గిపోవడం. కొందరికి కళ్లు ముందుకు పొడుచుకొచ్చినట్టవుతాయి. నలభై దాటినావిడ ఇవన్నీ చెబితే 'ముట్లుడిగే వయసు కదమ్మా' అని తేల్చేస్తారు. చిన్నావిడైతే 'టెన్షన్' అంటారు. పెద్దవయసు వాళ్లలో ఆకలి కూడా పెరగదు. బరువు తగ్గడం, నాడి లయ తప్పడం, అంతే కనిపిస్తాయి.

ఇంట్లోనే ఒక పని చేయొచ్చు. పొద్దున్నే మంచం దిగకముందు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని ఒక నిమిషం లెక్కపెట్టండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు 100 దాటుతుంటే ఆలస్యం చేయకండి. లెక్క మామూలుగా ఉంది కదా అని మిగతా లక్షణాల్ని వదిలేయనూ కూడదు.

అమెరికన్ పరుగుల రాణి గేల్ డెవర్స్‌కి 1988 సియోల్ ఒలింపిక్స్ నాటికే ఒంట్లో బాగుండలేదు. అది గ్రేవ్స్ వ్యాధి అని, అంటే థైరాయిడ్ అతిగా పనిచేయించే జబ్బు అని, 1990లో గానీ బయటపడలేదు. చికిత్స సమయంలో పాదాలు తీసేయాల్సి వస్తుందేమోనన్నంత దాకా వెళ్లింది. ఆవిడే 1992లో బార్సిలోనాలో 100 మీటర్ల స్వర్ణ పతకం గెలిచింది. ఒంటి సంగతి అనుక్షణం కనిపెట్టుకునే క్రీడాకారిణికే రెండేళ్లు పట్టిందంటే మన సంగతి చెప్పాలా?

పరీక్షకు వెళ్లేముందు

రక్తపరీక్ష ఒక్కటి చాలు, దారి తెలుస్తుంది. టి.ఎస్.హెచ్. బాగా తగ్గి, టి3, టి4 పెరిగి ఉంటే గ్రంథి ఎక్కువగా పనిచేస్తోందని అర్థం. ఇక్కడో చిక్కుంది. జుట్టు ఊడకుండా వాడే బయోటిన్ మాత్రలు కొన్ని ల్యాబు పరీక్షల్లో అంకెల్ని తారుమారు చేస్తాయి. లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తాయి. కనీసం రెండు రోజుల ముందు అవి ఆపి, డాక్టరుకి ఆ సంగతి చెప్పండి.

బాలింతల విషయం వేరు. కాన్పైన కొన్ని నెలల్లో గ్రంథి వాచి, నిల్వ ఉన్న హార్మోను రక్తంలోకి కారిపోయి ఇవే లక్షణాలు రావచ్చు. అది చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. తర్వాత కొందరికి థైరాయిడ్ తగ్గుతుంది కూడా. దానికీ గ్రేవ్స్ జబ్బుకీ మందు ఒకటి కాదు కాబట్టి ఏది ఏదో తేల్చుకోకుండా మాత్రలు మొదలుపెట్టకూడదు.

గ్రేవ్స్ జబ్బైతే మామూలుగా కార్బిమజోల్ లాంటి మాత్రలు ఏడాది, ఏడాదిన్నర వాడాలి. కుదరకపోతే రేడియో అయోడిన్ గానీ ఆపరేషన్ గానీ ఉన్నాయి. గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ రేడియో అయోడిన్ పనికిరాదు. పిల్లల్ని కనాలనుకుంటున్న సంగతి మొదటిరోజే డాక్టరుకి చెప్పాలి, గర్భం తొలి నెలల్లో మాత్ర మార్చాల్సి రావచ్చు. మాత్రలు వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి వస్తే జలుబని ఊరుకోకండి. అరుదుగా ఈ మందు తెల్లకణాల్ని ప్రమాదకరంగా తగ్గించేస్తుంది. మాత్ర ఆపి, అదే రోజు రక్తం పరీక్ష చేయించాలి.

ఇక అసలు ఇబ్బంది ఒకటుంది. మందు పనిచేయడం మొదలయ్యాక పోయిన బరువు తిరిగొస్తుంది. ఆకలి మాత్రం పాత అలవాటు మీదే ఉంటుంది కాబట్టి ఒక్కోసారి ఇంకో రెండు మూడు కిలోలు కూడా కలుస్తాయి. 'అయ్యో, మళ్లీ లావైపోయావే' అన్న మాట వినగానే ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేసే వాళ్లున్నారు. అలా మానేస్తే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. బరువు మరీ పెరుగుతుంటే డోసు ఎక్కువైందేమో చూడమని డాక్టర్నే అడగండి. రక్తపరీక్ష చూసి తగ్గించాల్సి ఉంటే ఆయనే తగ్గిస్తారు.