కొన్నవాడు యజమానుడా?

వెలయిచ్చి ఒక వస్తువును కొన్నవాడు దానికి యజమానుడగునా? ఈ ప్రశ్న కొందరికి హాస్యాస్పదముగ తోచవచ్చును. పొలమును కొన్నవాడు పట్టాదారుడగుచున్నాడు. ఎడ్లను కొన్నవాడు తన యిష్టము వచ్చిన చోట కట్టుకొనుచున్నాడు. బండియిరుసు విరిగినచో ఊరి వడ్రంగిచేత వేయించుకొనుచున్నాడే గాని, అమ్మినవాని యనుమతికై వేచియుండుట లేదు. కాని నేడు పసివారు మొదలు పండుముదుసళ్ల వరకు క్షణమైనను విడువక చేతబట్టి తిరుగుచున్న సెల్‌ఫోను విషయమున ఈ పురాతన న్యాయము చెల్లుట లేదు. వేలకొలది రూపాయలు పోసి దానిని కొన్న గృహస్థు దానికి యజమానుడో, కౌలుదారుడో విచారింపవలసిన కాలము వచ్చినది.

హైదరాబాదునకు వాయవ్యదిశయందున్న బాచుపల్లి ఒక తరము క్రిందట పొలములును చెరువులును గల పల్లె. 1995లో వి.ఎన్.ఆర్. విజ్ఞానజ్యోతి ఇంజనీరింగు కళాశాలయు, 1997లో గోకరాజు రంగరాజు కళాశాలయు ఈ ప్రాంతమున నెలకొనెను. 1998లో ప్రధానమంత్రి వాజపేయి మాదాపురమున సైబర్ టవర్సు భవనమును ప్రారంభించినది మొదలు హైటెక్ సిటీ దినదినాభివృద్ధి నొందెను. అందలి యుద్యోగులకు నివాసములు కావలసి వచ్చుటచే బాచుపల్లి పొలములలో బహుళాంతస్తుల భవనములు మొలచినవి. 2017లో మియాపూరునుండి మెట్రోరైలు నడువసాగెను. 2019లో ఈ పల్లె నిజాంపేట నగరపాలక సంస్థలో చేరెను. నేడు సాయంకాలమున ఇచ్చటి టీకొట్టు కడ నిలిచినచో వినవచ్చు సంభాషణలలో సగము ఫోనులను గూర్చియే. ఎవరి కెమెరా మేలైనది, ఎవరి బ్యాటరీ రెండుదినములు నిలుచును, ఆపిల్ గొప్పదా, ఆండ్రాయిడ్ గొప్పదా యని వాదోపవాదములు సాగుచుండును. ఆపిల్ ఫోను కోటవంటిది, దొంగలు చొరలేరని ఒకడనును. కోటలోనివాడు బయటికిని రాలేడని మరియొకడు బదులు చెప్పును. ఆ కోట తాళపుచెవి యెవరియొద్ద నున్నదని యడుగువారు మాత్రము అరుదు.

ఇటీవల ఆ కూడలికి సమీపమున ఫోనులు బాగుచేయు నొక చిన్న యంగడియందు మేము కన్నులార చూచిన యుదంతము నిచ్చట వివరింతుము. కుమారుని యింటికి వచ్చిన ఒక వృద్ధ కర్షకుడు తన ఫోనును తెచ్చి బల్లపై నుంచెను. తెర పగులలేదు, బ్యాటరీ చెడలేదు, మాటలు స్పష్టముగ వినబడుచున్నవి. కాని పంటసొమ్ము జమపడినదో లేదో చూచుకొను బ్యాంకు యాప్ ఆ ఫోనున ఇక పనిచేయనని మొండికెత్తినది. అంగడిపిల్లవాడు దానిని త్రిప్పి చూచి, "పెద్దాయనా, గాజు పగిలితె మారుస్త, బ్యాటరీ పోతె మారుస్త. ఈ ఫోనుకు కంపెనోళ్లు అప్‌డేట్లు ఇచ్చుడు బంద్ చేసిన్రు. దానికి నేనేం చెయ్యలేను" అనెను. "ఫోను మంచిగనే ఉన్నది గద బిడ్డా! పైసలు గూడ నేనే కడితి గద!" అని ఆ వృద్ధుడు విస్మయముతో ననెను. పిల్లవాడు మారుపలుకలేదు. మా యభిప్రాయమున ఆ కర్షకుని ప్రశ్నకు ఉత్తరము చెప్పవలసినవాడు ఆ పిల్లవాడు కాడు.

విషయమును కొంచెము విశదపరతుము. సెల్‌ఫోనునకు దేహమొకటి, దానిని నడపు బుద్ధి యొకటి. గాజు, లోహము, బ్యాటరీ మున్నగునవి దేహము, సాఫ్ట్‌వేరు బుద్ధి. సాఫ్ట్‌వేరును నిపుణులు మొదట మనుష్యులు చదువదగిన భాషలో వ్రాయుదురు. దీనినే సోర్సుకోడందురు. పిమ్మట దానిని యంత్రమునకు మాత్రమే యర్థమగు సున్నలు, ఒకట్ల వరుసగ మార్తురు. వర్తకులలో పెక్కుమంది మనకీ రెండవదానిని మాత్రమిచ్చి, మొదటిదానిని తమ పెట్టెలో భద్రపరచుకొందురు. కావున దానిని విప్పిచూచుటకుగాని, లోపమును సరిదిద్దుటకుగాని, మరియొక నిపుణునిచే సరిదిద్దించుటకుగాని కొన్నవానికి వీలులేదు. ఫోను తెరచిన తొలిదినమున చదువకయే "అంగీకరించితిని" అని మనము నొక్కు లైసెన్సు పత్రము క్రయదస్తావేజు కాదు, కౌలునామా. ఈ రెంటికిని గల భేదము భూవసతి గల మన పాఠకులకు మేము బోధింప నక్కరలేదు.

ఈ కౌలుదారీ పద్ధతికి ఎదురునిలిచిన యుద్యమము నలువదియేండ్లకు పైబడినది. అమెరికాలోని మాసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున పనిచేయుచుండిన రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అను ప్రణాళికను ప్రకటించెను. సాఫ్ట్‌వేరును ఏ పనికైనను వాడుకొనుట, దాని లోగుట్టును పరిశీలించి తన యవసరమునకు మార్చుకొనుట, ప్రతులను పొరుగువానికి పంచుట, మార్చిన ప్రతులను సైతము లోకమునకిచ్చుట అను నాలుగు స్వేచ్ఛలు ప్రతి వాడుకరికి నుండవలెనని యాతని సిద్ధాంతము. ఈ స్వేచ్ఛలను తరువాతివారు హరింపకుండుటకై 1989లో జి.పి.ఎల్. అను లైసెన్సు వెలువడెను. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును లోకమున కొసగెను. ఆంగ్లమున స్వేచ్ఛకును, ఉచితమునకును ఒకే మాట యుండుటచే అపార్థములు కలుగగా, 1998లో కొందరు ఓపెన్ సోర్సు అను పేరును ప్రచారమునకు తెచ్చిరి. మన భాషకు ఆ చిక్కులేదు. దేవాలయమున పంచు ప్రసాదము ఉచితము. తన పొలమున తన కిష్టమైన పైరు వేసికొనుట స్వేచ్ఛ. ఈ యుద్యమము కోరునది రెండవది.

ఇది పగటికలగ మిగిలిపోయెననుకొనుట పొరపాటు. 2017 నవంబరునుండి ప్రపంచమందలి ఐదువందల మహావేగ కంప్యూటర్ల పట్టికలోని ప్రతియొకటియు లినక్సుపైననే నడచుచు వచ్చినది. ఆ కర్షకుని చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనుకు సైతము పునాది లినక్సే. అట్లయినచో ఆ వృద్ధునికి స్వేచ్ఛ యేల లభింపలేదు? పునాది అందరిదియే, పైని గట్టిన మేడకు మాత్రము తాళము వేయబడినది. యాపుల యంగడియు, పటములును, వానిని నడపు సేవలును గూగులు సంస్థవి. ఫోనుల తయారీదారులు ఆ యాపులనన్నిటిని కలిపి పెట్టితీరవలెననుట, ఆండ్రాయిడును వేరువిధముగ మలచుకొననీయకుండుట మున్నగు షరతులు అధికార దుర్వినియోగమని మన దేశపు కాంపిటీషన్ కమిషను 2022 అక్టోబరున తీర్మానించి, ఆ సంస్థపై 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించెను. 2023 మార్చిలో అప్పిలేటు ట్రిబ్యునలు కొన్ని యాదేశములను త్రోసివేసినను జరిమానాను స్థిరపరచెను. తెరచిన తలుపును మరల నెట్లు మూయవచ్చునో యీ యుదంతము తేటతెల్లము చేయుచున్నది.

ఇది కేవలము ఒక వృద్ధుని యిబ్బంది యనుకొని యుపేక్షింపరాదు. 2025 జూలైలో ఐరోపా సమాఖ్య నయారా ఎనర్జీ అను చమురు సంస్థపై ఆంక్షలు విధించెను. గుజరాతులోని వాడినారున శుద్ధికర్మాగారము గల ఆ సంస్థలో రష్యాదేశపు రోస్‌నెఫ్ట్ భాగస్వామిని యగుటయే దీనికి కారణము. కొలది దినములలోనే మైక్రోసాఫ్ట్ సంస్థ తన సేవలను నిలిపివేయగా, నయారా యుద్యోగులకు ఉత్తర ప్రత్యుత్తరములకు సైతము ఆటంకము కలిగెను. తాము పూర్తి వెల చెల్లించియుంటిమని ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టు నాశ్రయించెను. ఆ నెల ముగియులోపల సేవలు పునరుద్ధరింపబడెను. కథ సుఖాంతమైనదని సంతోషింపవచ్చును. కాని భారతభూమిపై, భారతీయ చట్టమునకు లోబడి పనిచేయు కర్మాగారపు మేజాబల్లపై దీపము వెలుగుటయు, ఆరుటయు సముద్రముల కావల జరుగు నిర్ణయముపై నాధారపడినచో, దానిని స్వాతంత్ర్యమనుట యెట్లు?

విదేశీయమును విడిచి స్వదేశీయమును చేపట్టిన చాలునని కొందరు చెప్పుచున్నారు. 2025లో కేంద్రప్రభుత్వోద్యోగుల ఈమెయిళ్లు తమిళనాటి జోహో సంస్థ వేదికకు మార్చబడెను. మనవారి ప్రతిభను ఆదరించుట కర్తవ్యమే. అందులకు మేము హర్షింతుము. అయినను స్వదేశీ కమ్మరి చేసినంతమాత్రమున తాళము తాళము కాకపోదు. చెవి యెవరియొద్ద నున్నదను ప్రశ్న స్వదేశీయునికిని వర్తించును. చరఖా విషయమును స్మరింపుడు. చరఖా స్వదేశములో తయారగుటయే దాని గొప్పతనము కాదు. ఏ పల్లె వడ్రంగియైనను దానిని చేయగలుగుటయు, చెడినచో బాగుచేయగలుగుటయు దాని గొప్పతనము.

తెలుగువారమగు మనకు ఈ స్వేచ్ఛ ఎంతటి యుపకారము చేసినదో మన భాషయే సాక్ష్యము చెప్పును. కంప్యూటర్లు వచ్చిన తొలిదినములలో ఒక్కొక్క వర్తకుని అక్షరములకు ఒక్కొక్క రహస్య క్రమముండెను. ఒకరు కూర్చిన గ్రంథము మరియొకరి యంత్రమున అర్థములేని గీతలుగ కనబడుచుండెను. రచయిత తన గ్రంథమును, పత్రిక తన పాత సంచికలను తామే చదువలేని దుస్థితి యేర్పడెను. యూనికోడు అను సర్వసామాన్య క్రమమున తెలుగునకు స్థానము లభించినను, దానిని తెరపై చూపుటకు అక్షరములు కావలసియుండెను. కెనడానందలి తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన అను పేర్లతో అక్షరములను రూపొందించి, యెల్లరును వాడుకొనునట్లు స్వేచ్ఛా లైసెన్సుతో నొసగిరి. పాతక్రమపు తెలుగును యూనికోడునకు మార్చు పద్మ అను పరికరమును నిర్మించిన వెన్న నాగార్జునగారే 2003 డిసెంబరున తెలుగు వికీపీడియాకు శ్రీకారము చుట్టిరి. సిలికానాంధ్ర సంస్థ మల్లన్న, ధూర్జటి, గురజాడ మున్నగు అక్షరములను లోకమునకు ధారవోసెను. హైదరాబాదులోని స్వేచ్ఛ యను సంస్థ ఇంజనీరింగు విద్యార్థులను కూర్చుకొని తెలుగున పనిచేయు గ్నూ/లినక్సును సిద్ధపరచెను. లాభము కనబడనిచోట వర్తకుడు వేచియుండును, అభిమానముగలవాడు వేచియుండడు. అతని చేతికి సంకెల లేకుండుటయే కావలసినది.

ఇంత చెప్పినంతమాత్రమున ఈ మార్గమున ముండ్లు లేవని మేమనుట లేదు. పాత ఫోనులలో లినియేజ్ ఓ.ఎస్. అను స్వేచ్ఛా వ్యవస్థను వేసికొనవచ్చును. కాని కొందరు తయారీదారులు అందుకు తాళము తీయనీయరు. తీసినను కొన్ని బ్యాంకు యాపులు అట్టి ఫోనును నమ్మవు. సోర్సుకోడు బహిరంగమైనంతనే అందరును చదువుదురను భరోసాయు లేదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అను ఒక చిన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేరున, దాని నిర్వాహకుని విశ్వాసమును సంపాదించిన యొక వ్యక్తి రహస్యద్వారమును పొదిగియుంచినట్లు బయటపడెను. తన యంత్రము అరక్షణము మందగించుట గమనించి, కారణము వెదకి, ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను నిపుణుడు ఆ ద్రోహమును కనిపెట్టెను. పెట్టె మూసియున్నచో ఆతడు లోన చూచుటకే వీలుండెడిది కాదు. కాని లోకమంతయు వాడుకొను సాధనమును ఒకరిద్దరు అలసిన స్వచ్ఛంద సేవకుల భుజములపై విడిచి, తక్కినవారు నిశ్చింతగ నిద్రించుట యెంత ప్రమాదకరమో కూడ నీ ఘటన తెలుపుచున్నది. ఊరుమ్మడి చెరువునకు నీరు తోడుకొనువారందరు, పూడిక తీయు దినమున కనబడకున్నచో చెరువు నిలుచునా?

బాచుపల్లి కళాశాలల విద్యార్థులకును, హైటెక్ సిటీ నిపుణులకును ఈ మాటనే విన్నవింతుము. దేశదేశముల సంస్థలకు సాఫ్ట్‌వేరు వ్రాసిపెట్టుచున్న చేతులు మన యూరివే. వారమునకొక గంట తెలుగు అక్షరములలోని లోపములను దిద్దుటకో, ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును తెనిగించుటకో వెచ్చించినచో ఈ నగరము పుచ్చుకొన్నదానిలో కొంతయైనను తిరిగి యిచ్చినదగును. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 సాఫ్ట్‌వేరుకు సాధారణ సంరక్షణ ముగిసెను. కొంతకాలపు పొడిగింపునకు మార్గము చూపబడినను, చక్కగ పనిచేయు కంప్యూటర్లెన్నియో విండోస్ 11నకు అర్హములు కాకపోయెను. వానిని తూకమున కమ్మివేయక, లినక్సు వేసి గ్రామములందలి పాఠశాలలకిచ్చుట దాతలకు సులభమైన ధర్మకార్యము.

ఇక కొనువారికి మా హితవు స్వల్పము. ఫోను కొనునపుడు కెమెరానుగూర్చి యడుగుడు, వలదనము. దానితోపాటు ఎన్ని సంవత్సరములు అప్‌డేట్లు ఇత్తురని యడుగుడు. బ్యాటరీని వేరొకరు మార్చవచ్చునా యని యడుగుడు. నా వ్రాతలను, చిత్రములను వేరొక ఫోనునకు నిరాటంకముగ కొనిపోవచ్చునా యని యడుగుడు. అంగడివాడు తెల్లబోవచ్చును; పదిమంది అడిగినచో విచారించును; వేయిమంది అడిగినచో తయారీదారునకు వర్తమానము పంపును. ప్రభుత్వమును కూడ నిట్లే యడుగవలసియున్నది. ప్రభుత్వ కార్యాలయములలో ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరునకు ప్రాధాన్యమిచ్చు విధానమును 2015లో భారత ప్రభుత్వమే ప్రకటించెను. అది కాగితముపై నిలిచియుండక ప్రతి కార్యాలయమునకు దిగివచ్చినదా యని ప్రజాప్రతినిధులు ప్రశ్నింపవలెను. కంపెనీ సంరక్షణను చాలించిన నాడు ఆ ఫోను తాళమును తీసి, కొన్నవాని చేతికి చెవినిచ్చి పోవలెనను చట్టము మనకవసరము.

పైసలు కట్టినవాడను నేనే గదా యని ఆ వృద్ధ కర్షకుడడిగెను. అతడు న్యాయశాస్త్రమును చదివినవాడు కాడు, కంప్యూటరు విద్య నెరిగినవాడు కాడు. కాని సొత్తనగా నేమో యెరిగినవాడు. ఆ రాత్రి అతని కుమారుడు క్రొత్తఫోను కొనియిచ్చి యుండవచ్చును. అందువలన ప్రశ్న తీరలేదు. కొన్ని సంవత్సరములకు వాయిదాపడినది.