పేస్ట్ ఆపితే పాస్‌వర్డ్ భద్రమా?

ఎంసెట్ 2021లో ఈఏపీసెట్‌గా మారినా, వెబ్ ఆప్షన్ల వేళకు తెనాలి, రేపల్లె నెట్ సెంటర్లకు పిల్లలు రావడం మారలేదు. వ్యవసాయ, ఇంజనీరింగ్ కాలేజీలున్న బాపట్లలోనైతే ఏడాది పొడవునా ఏదో ఒక దరఖాస్తు ఉంటుంది. ప్రతిదానికీ ఓ పాస్‌వర్డ్. నోట్‌ప్యాడ్‌లో కొట్టి, కాపీ చేసి, రెండు బాక్సుల్లోనూ పేస్ట్ చేద్దామంటే కొన్ని సైట్లు ఒప్పుకోవు. భద్రత కోసమేనంటాయి.

నిజానికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. కాపీ కొట్టగానే ఆ అక్షరాలు క్లిప్‌బోర్డులోకి చేరతాయి. కంప్యూటర్లోని ప్రోగ్రాములన్నీ ఉమ్మడిగా వాడుకునే తాత్కాలిక చోటది. పేస్ట్ ఆపినంత మాత్రాన అక్కడున్నది చెరిగిపోదు. పైగా పదహారు అక్షరాల గజిబిజి పాస్‌వర్డును రెండుసార్లు చేత్తో కొట్టే ఓపిక ఎవరికుంటుంది? పేరు, పక్కన పుట్టిన సంవత్సరం పెట్టి బయటపడతారు. అందుకే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్, పేస్ట్‌ను అనుమతించాలని 2017లోనే తన మార్గదర్శకాల్లో చెప్పింది. బ్రిటన్ సైబర్ భద్రతా కేంద్రం మాటా అదే. ఇన్నేళ్ల తర్వాత కూడా మన పిల్లలకు ఈ అడ్డంకి ఉండటం అన్యాయం.

అసలు ప్రమాదం పదిమంది వాడే కంప్యూటర్‌లో ఉంది. 2018 చివర్లో విండోస్ 10కు క్లిప్‌బోర్డ్ హిస్టరీ వచ్చింది. అది ఆన్ చేసి ఉన్నచోట విండోస్ కీ, వి కీ కలిపి నొక్కితే చిన్న జాబితా తెరుచుకుంటుంది. పైన ఎవరిదో హాల్‌టికెట్ నంబరు, దాని కింద ఫోన్ నంబరు, ఆ కింద ఇందాకటి అమ్మాయి పాస్‌వర్డ్. సైట్లో నల్లచుక్కలుగా కనిపించినది ఇక్కడ అక్షరం అక్షరం చదవొచ్చు. ఇలా 25 దాకా నిలవుంటాయి.

కాబట్టి కుర్చీలోంచి లేచేముందు ఆ జాబితా తెరిచి 'క్లియర్ ఆల్' నొక్కాలి. పిన్ చేసినవి దాంతో పోవు, విడిగా తీసెయ్యాలి. హిస్టరీ ఆన్‌లో లేకపోతే వేరే ఏ మాటైనా కాపీ చేస్తే చాలు, పాతది పోతుంది. నోట్‌ప్యాడ్‌తోనూ జాగ్రత్త: విండోస్ 11లో సేవ్ చేయకుండా మూసినా, మళ్లీ తెరిస్తే రాసింది ప్రత్యక్షమవుతుంది. ముందు చెరిపి, తర్వాత మూయాలి.

సొంత ఫోన్ ఉన్నవాళ్లకు పాస్‌వర్డ్ మేనేజర్ మేలు. అది సైట్ చిరునామా సరిచూశాకే తనంతట తాను నింపుతుంది. ఒక్క అక్షరం తేడాతో పుట్టిన నకిలీ సైటు మన కంటిని ఏమార్చినా, దాన్ని ఏమార్చలేదు.