ప్లీడరుగారు శాసనసభకి వెళితే మనకేమిటి?

ఎన్నికలొచ్చినప్పుడల్లా మన ఇళ్ళల్లో ఒక మాట వినబడుతుంది. “ఫలానా ఆయన ప్లీడరుట, బాగా మాట్లాడతాడుట, శాసనసభకి నిలబడ్డాడు” అంటారు మగవాళ్ళు. “మాట్లాడితే మాట్లాడాడు, మనకేం ఒరుగుతుంది?” అంటాం మనం, కూర తిరగమోత వేస్తూ. న్యాయమైన ప్రశ్నే. జవాబు కోసం మనవాడినే ఒకాయన్ని తీసుకుని చూద్దాం. ఆయన టంగుటూరి ప్రకాశం పంతులుగారు. ఒంగోలు జిల్లాకి 1972లో ఆయన పేరే పెట్టారు. బెజవాడ బ్యారేజీ మీదుగా వెళ్ళినవాళ్ళందరికీ ఆ పేరు తెలుసు. కాని శాసనసభలో ఆయన చేసిన పనేమిటంటే చాలామందిమి తడుముకుంటాం.

ప్రకాశంగారు 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. పదకొండేళ్ళ వయస్సులో తండ్రి పోయాడు. తల్లి సుబ్బమ్మగారు పిల్లల్ని తీసుకుని ఒంగోలు చేరి, పూటకూళ్ళ ఇల్లు పెట్టింది. ఈ రోజుల్లో మెస్సు నడిపితే ఎవరూ ఏమీ అనరు. ఆ రోజుల్లో ఒక పరువుగల కుటుంబంలోని ఆడది డబ్బుకి అన్నం వడ్డించడమంటే ఎన్ని మాటలు పడాలో మీరే ఊహించండి. ఆవిడ మాటలు పడింది గాని పొయ్యి ఆర్పలేదు. పిల్లవాడి పరీక్ష ఫీజు మూడు రూపాయలకి పట్టుచీర తాకట్టు పెట్టింది. ఆ పొగలోంచే ఒక ముఖ్యమంత్రి వచ్చాడని మనం గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత హనుమంతరావు నాయుడుగారనే ఉపాధ్యాయుడు రాజమండ్రి వెళుతూ ఈ కుర్రవాణ్ణి వెంటబెట్టుకు వెళ్ళారు. అక్కడే చదువు సాగింది, సెకండు గ్రేడు ప్లీడరయ్యారు, పురపాలక సంఘానికి అధ్యక్షులూ అయ్యారు. కాని సెకండు గ్రేడు ప్లీడరుకి కింది కోర్టులే గాని హైకోర్టులో వాదించే హక్కు లేదు. అందుకని 1904లో సీమకి వెళ్ళారు. మాంసం, మద్యం, పొగాకు ముట్టనని తల్లికి మాటిచ్చి మరీ వెళ్ళారు. 1907లో బారిష్టరై తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో రెండు చేతులా సంపాదించారు. 1921లో గాంధీగారి పిలుపుతో ఆ సంపాదనంతా వదిలేసి “స్వరాజ్య” పత్రిక పెట్టారు. కూడబెట్టిందంతా పత్రికకే కరిగిపోయింది. 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో సైమన్ కమిషన్‌కి వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో పోలీసు తుపాకికి రొమ్ము చూపించిన సంగతి పిల్లల పాఠాల్లో ఉంది కనుక మళ్ళీ చెప్పను.

నేను చెప్పదలచుకున్నది పాఠాల్లో అంతగా కనబడని విషయం. 1937లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీగారి మంత్రివర్గం ఏర్పడింది. ప్రకాశంగారు అందులో రెవిన్యూ మంత్రి. అప్పుడు ఆయన ముందుకి వచ్చింది జమీందారీ రైతుల గోడు.

దీన్ని ఇంటి అద్దె లెక్కలో చెప్పుకుందాం. ఒకాయన ఒక పెద్ద ఇంటికి యజమానితో శాశ్వతమైన ఒప్పందం చేసుకున్నాడనుకోండి. ఎన్నేళ్ళయినా యజమానికి కట్టేది అదే అద్దె. తను మాత్రం గదులు విడివిడిగా అద్దెకిచ్చి, రెండేళ్ళకోసారి రేటు పెంచుతూ పోతాడు. లాభం మధ్యవాడిది, కష్టం గదుల్లో ఉన్నవాళ్ళది. 1802లో కంపెనీ ప్రభుత్వం మద్రాసు రాష్ట్రంలో చేసిన శాశ్వత పరిష్కారం ఇలాంటిదే. జమీందారు సర్కారుకి కట్టే పేష్కషు ఎప్పటికీ మారదు. రైతు జమీందారుకి కట్టే శిస్తు మాత్రం పెరుగుతూ పోయింది. 1908లో వచ్చిన ఎస్టేటు భూముల చట్టం రైతుకి సాగు హక్కు ఇచ్చినా, శిస్తుల తగాదాలు ఆగలేదు.

మన ప్రాంతంలో గుంటూరు వైపు చాలాభాగం రైత్వారీ. అంటే రైతు నేరుగా సర్కారుకే పన్ను కట్టేవాడు. పడమటి మెట్టలో దర్శి, పొదిలి వైపు వెంకటగిరి జమీందారీ ఉండేది. పత్తీ మిరపా పండే ఒకే రకం ఎండలో, ఒక రైతుకి ఒక న్యాయం, ఇంకో రైతుకి ఇంకో న్యాయం అన్నమాట.

ఇదిగో, ఇక్కడ పనికొచ్చింది ప్లీడరు విద్య. ప్రకాశంగారు శాసనసభలో ఉపన్యాసం చెప్పి ఊరుకోలేదు. ఉభయసభల సభ్యులతో ఒక విచారణ సంఘం ఏర్పడింది, ఆయనే అధ్యక్షులు. జిల్లాలు తిరిగారు. జమీందార్లని అడిగారు, రైతులనీ అడిగారు. వందేళ్ళకి పైబడిన పాత శాసనాలూ రికార్డులూ తిరగేశారు. కోర్టులో దావా నడిపించినట్టే సాక్ష్యం, కాగితం, వాదన, తీర్పు. 1938లో నివేదిక ఇచ్చారు. దాని సారాంశం మూడు ముక్కల్లో చెప్పొచ్చు. భూమికి హక్కుదారు రైతే. జమీందారు పన్ను వసూలు చేసే మనిషే గాని భూమికి యజమాని కాడు. కనుక శిస్తు 1802 నాటి స్థాయికి దిగాలి.

మరి వెంటనే చట్టమైందా? కాలేదు. యుద్ధం వచ్చింది, 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది, నివేదిక అటకెక్కింది. అయితే అటకెక్కిన సామానంతా పనికిమాలినది కాదని మనకి తెలుసు. 1948లో మద్రాసు శాసనసభ ఎస్టేటుల రద్దు చట్టం చేసినప్పుడు ఆ వాదనే వెనక నిలబడింది. ఆ చట్టం ఇంకో అడుగు ముందుకేసి, జమీందార్లకి నష్టపరిహారం ఇచ్చి జమీందారీనే తీసేసింది, రైతులకి రైత్వారీ పట్టాలిచ్చింది. అప్పటికి ప్రకాశంగారు పదవిలో లేరు. విత్తినవాడు ఒకడు, కోసినవాడు ఇంకొకడు. కాని ధాన్యం రైతింటికే చేరింది.

ఆయనలో లోపాలు లేవని చెప్పను. 1946 ఏప్రిల్‌లో మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి అయి, ఏడాది తిరక్కుండానే దిగిపోయారు. ఖద్దరు మీద పట్టుదలతో కొత్త నూలు మిల్లుల విస్తరణకి అడ్డు చెబితే, సొంత పార్టీలోనే చాలామంది కాదన్నారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడితే మొదటి ముఖ్యమంత్రి ఆయనే. పదమూడు నెలలు పాలించారు. ఆ కొద్దికాలంలోనే తిరుపతిలో విశ్వవిద్యాలయం, గుంటూరులో హైకోర్టు, కృష్ణమీద కొత్త బ్యారేజీ పని మొదలయ్యాయి. 1954 నవంబరులో మద్యనిషేధం గొడవ మీద అవిశ్వాస తీర్మానం వచ్చి, ఒక్క ఓటు తేడాతో మంత్రివర్గం పడిపోయింది. ఎదురు నిలబడ్డం తెలిసినంతగా, అందరినీ కలుపుకుపోవడం ఆయనకి తెలియదనే వాళ్ళున్నారు. 1957లో ఎండాకాలంలో, ఎనభై నాలుగేళ్ళ వయస్సులో ఒంగోలు ప్రాంతపు హరిజనవాడల్లో తిరుగుతూ వడదెబ్బ తిని, మే 20న హైదరాబాదులో కన్నుమూశారు.

ఇదంతా పాతకథ, పట్నంలో ఉన్న మనకెందుకూ అంటారేమో. శాసనసభలో పుట్టిన చట్టం మన గడప తొక్కకుండా ఉండదు. పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ మన రాష్ట్ర శాసనసభ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి ఆ హక్కు దక్కింది. దేశమంతటికీ అది 2005లో గాని రాలేదు. అంటే మన కూతుళ్ళ వాటా ఒక సభలో చేతులెత్తితే వచ్చిందన్నమాట.

పొలాల సంగతీ తీరిపోలేదు. మనం ఆవకాయకి కొనే గుంటూరు కారం వెనక కౌలురైతు ఉన్నాడు, మిరపకోతకి వెళ్ళే ఆడకూలీ ఉంది. భూమి ఒకరిది, అప్పు మరొకరిది. పంట పోయి కౌలురైతు ప్రాణం తీసుకుంటే, అతను ఆ పొలం చేసినట్టు చూపించే కాగితం లేక భార్య ఆఫీసుల చుట్టూ తిరగాలి. 2019లో చేసిన పంటసాగుదారుల హక్కుల చట్టంలో పదకొండు నెలల కార్డు ఇస్తామన్నారు గాని, భూయజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. పెట్టకపోతే అప్పు పుట్టదని కౌలుదారు దిగులు. 1802 నాటి ప్రశ్నే వేషం మార్చుకుని వచ్చింది. దున్నేవాడి పేరు కాగితంలో ఉందా, లేదా?

కాబట్టి ఈసారి మన గుమ్మంలోకి ఓట్లకోసం ప్లీడరుగారొస్తే, బొట్టు పెట్టి, మంచినీళ్ళిచ్చి, ఒకటి రెండు మాటలడగండి. “బాబూ, మీరు ఎవరి తరఫున కాగితాలు చదివారు? కౌలురైతు భార్యకి ఆ కాగితంలో చోటెక్కడ? సభలో మాట్లాడటమే కాకుండా, ఊళ్ళు తిరిగి సాక్ష్యం రాసుకుంటారా?” అనండి. జవాబు చెప్పగలిగితే అప్పుడు ఆలోచిద్దాం. చెప్పలేకపోతే, వాక్చాతుర్యం మనింట్లోనూ బోలెడుంది కదూ!